బాయిలర్ చుట్టూ కొవ్వొత్తి

మా కూడు పోకుండా కాచిన యేసయ్యకు ముందుగా స్తోత్రం చెల్లించి ఈ సంగతి రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో విశాఖ పోర్టు దగ్గర ఒక ఫ్యాక్టరీలో నేను బాయిలర్ ఆపరేటర్‌ని. మా పాత బాయిలర్ బొగ్గు ఎక్కువ తింటోందని పరీక్షించడానికి ఒక ఇంజనీరు వచ్చారు. చిమ్నీకి పోయే పొగను పరీక్షించి పెదవి విరిచారు.

"ఎక్కడో సందులోంచి చల్లగాలి లోపలికి పోయి వేడిని ఎత్తుకుపోతోంది. సాయంత్రంలోగా అది దొరక్కపోతే బాయిలర్ ఆపేయమని రాస్తాను."

ఆపేస్తే మా అందరికీ పని పోయినట్టే. ఎంత వెతికినా సందు దొరకలేదు. కళ్లు మూసుకుని ప్రార్థించాను. అప్పుడు క్రిస్మస్ ఆరాధనలో మిగిలి నా సంచిలో ఉన్న కొవ్వొత్తి గుర్తొచ్చింది. వెలిగించి బాయిలర్ చుట్టూ మెల్లగా నడిచాను.

బాయిలర్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్ అప్పల్రాజు నవ్వాడు. "ఏటి బావ, దీనికి కూడా బాప్తీస్మం ఇచ్చేత్తన్నావా?"

బాయిలర్ లోపలి మంటను చూసే చిన్న తలుపు దగ్గర కొవ్వొత్తి జ్వాల లోపలికి వంగి ఆరిపోయింది. చల్లగాలి దూరే సందు అదే. అప్పల్రాజు రోజూ ఎండుచేపలు ఊచకు గుచ్చి కాల్చుకునేది అక్కడే. ఊచ ఆనీ ఆనీ తలుపు అంచు వంగిపోయింది.

"నా సేపలే మన కూడు తినేసినాయి బావ," అన్నాడు నీరసంగా.

అంచు సరిచేసి, వేడికి కాలని ఆస్‌బెస్టాస్ తాడు చుట్టి తలుపు బిగించాం. ఇంజనీరు మళ్లీ పరీక్షించి, "నడపండి. చేపలు మాత్రం ఇంటి దగ్గర కాల్చుకోండి" అన్నారు.

ఆరిపోయిన దీపంతో కూడా దేవుడు దారి చూపిస్తాడని ఆ రోజు తెలిసింది. నిప్పు దగ్గర పనిచేసే వాళ్లందరి కోసం మీరూ నాతో కలిసి ప్రార్థించండి.