మంచుదారికి చోటు చాలని లారీ

ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే కొండలయ్యకి ఒక కన్ను సరిగా ఆనదు. ఆయన్ని గరిటెల్లోకి దించింది ఆ కన్నే. అంతకుముందు లారీ తోలేవాడు. ఆయన టీ తాగని దాబా దేశంలో ఉందంటే నమ్మడం కష్టం. కన్ను మసకబారాక లైసెన్సు మళ్ళీ ఇవ్వలేదు. వాళ్ళ నాయన వదిలిపోయిన ఉలీ ఆకురాయీ చేతికి తీసుకున్నాడు. కొండ మీద కోట కట్టినవాళ్ళు ఎటుపోయారో పోయారు గానీ, కొండ కింద గరిటెలు చెక్కేవాళ్ళు మాత్రం మిగిలారు. రాజ్యానికున్న గిరాకీ కంటే పప్పు గరిటెకున్న గిరాకీ గట్టిదన్నమాట. సరే, మనం కోటెక్కితే కొండలయ్య కిందే ఉండిపోతాడు.

నెల్లూరు ఆసామి ఒకాయన పెళ్ళిలో పంచడానికి గరిటెలు చేయించుకుని, డబ్బుకి బదులు తన పాత ఆటల కంప్యూటర్ ఇచ్చిపోయాడు. రెండు చేతుల్లో ఇమిడేంత. మధ్యన తెర, అటూ ఇటూ బొత్తాలు. అందులో లారీ ఆట ఉంది. ఇంకేం, కొండలయ్య మళ్ళీ డ్రైవరైపోయాడు. గేరు మార్చేటప్పుడు కాలు కూడా కదిలేది.

ఆయన భార్య చెంచులక్ష్మి ఆయన లారీ ఒక్కసారైనా ఎక్కలేదు. ఓనరు ఆడవాళ్ళని ఎక్కనిచ్చేవాడు కాదు. ఆ కొరత ఆమె మర్చిపోలేదు, ఆయన్నీ మర్చిపోనివ్వలేదు.

"ఆటలోకి మంచు పడే దేశం దారులొస్తుండాయంట మే. ఈసారి నిన్ను ఎక్కించుకొని పోతా" అన్నాడు.

"పోదాం పోదాం. దోసెడంత లేదు, అందులో ఇద్దరం యాడ కూర్చుంటాం?" అంది గానీ, ఆ వారమంతా మంచు వచ్చిందా అని అడుగుతూనే ఉంది.

మంచుదారులు వచ్చాయి. దింపుకోబోతే చోటు చాలదు పొమ్మంది కంప్యూటర్.

"అనుకున్నా. ఈ జన్మకి నీ లారీలో నాకు చోటు లేదు" అంది చెంచులక్ష్మి. నవ్వుతూనే అంది. ఆ నవ్వు కొండలయ్యకి గుచ్చుకుంది. తెల్లారి ఆత్మకూరు బస్సెక్కాడు.

బస్టాండు పక్కన రూబీ ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేస్తుంది.

"కొత్తదైతే ఎంతవుద్ది మే?"

"పాడిబర్రెని దూడతో సహా తోలుకొని రా మామా, మిగతాది తరవాత మాట్లాడుకుందాం."

"బర్రె పాలిస్తాది. ఇదేమిస్తాది?"

"వేడి ఇస్తాది."

"పోనీ దీన్నే పెంచలేమా?"

"ర్యామ్ బోర్డుకే అతికించేసినారు, అది పుట్టుబుద్ధి, మారదు. సరుకు దాచుకునే చిప్పు మాత్రం మార్చుకోవచ్చు. కురచది కావాల. అది ఇప్పుడు బంగారమే. ఎక్కడో పెద్ద పెద్ద కంప్యూటర్లకని చిప్పులన్నీ ఊడ్చుకపోతుండారు. పొడుగుది చవగ్గానే ఉండాది గానీ, దీంట్లో పట్టదు."

గరిటె పనిలో కొలతకి కోసిన కొయ్య ఎవడూ కొనడు. పొడుగ్గా కొనాలి, ఇంటికొచ్చి తెగ్గొట్టుకోవాలి.

"పొడుగుదే ఇయ్యి" అన్నాడు కొండలయ్య.

"దేనికి మామా?"

"నీకెందుకు, ఇయ్యి."

ఇంటికొచ్చి మూత విప్పాడు. పాత చిప్పు తీసి, కొత్తదాని పక్కన పెట్టి, పెన్సిలుతో గీత గీసి, సన్నరంపంతో కోశాడు. అంచులకి ఉప్పుకాగితం పట్టాడు. అంత నున్నటి చిప్పు భూమ్మీద ఇంకొకటి ఉండదు. లోపల అచ్చుగుద్దినట్టు కూర్చుంది. బొత్తాం నొక్కితే తెర నల్లగా ఉండిపోయింది.

"మంచు పడిందా?" వంటింట్లోంచి కేకేసింది చెంచులక్ష్మి.

"ఇంకా మబ్బేసి ఉండాది" అన్నాడు.

మర్నాడు రూబీ ఆ రెండు ముక్కల్నీ అరచేతిలో పెట్టుకుని స్టూలు మీద కూలబడి నవ్వింది. "మామా! ఇది గరిటె కాదు."

"తెలిసింది."

"నున్నగా ఉండాదిలే."

ఎవరో వదిలేసిపోయిన పాడైన ల్యాప్‌టాప్‌లోంచి కురచ చిప్పు ఒకటి తీసి చూపించింది. "దీని ధర చెప్తే నువ్వు బస్సు కింద పడతావు. నా స్క్రూడ్రైవర్ల పిడులన్నీ పగిలిపోయినాయి. కొయ్య పిడులు వేసిస్తావా?"

"పిడి పోతే పిడి మారుస్తాం. మా పనిముట్లకి పుట్టుబుద్ధి ఉండదు మే" అని పట్టుకుపోయాడు. నర్దికొయ్యతో, రూబీ చేతికి తగ్గట్టు, ఒక్కోటీ చెక్కి తెచ్చాడు. ఆమె పాతదాంట్లో సరుకంతా కొత్తదాంట్లోకి ఎక్కించి, మూత బిగించి ఇచ్చింది. కోసిన ముక్కలు మాత్రం తనే ఉంచుకుంది, బేరాలాడే వాళ్ళకి చూపించడానికి.

ఆ సాయంత్రం వాకిట్లో మంచం మీద చెంచులక్ష్మి ఆయనకి ఎడంపక్కన కూర్చుంది. క్లీనరు కూర్చునే వైపు. తెరలో మంచు పడుతోంది. కొండలయ్య గేరు మార్చాడు, కాలు కదిలింది.

"అద్దం తుడవ్వయ్యా, ఏం కనపళ్ళా" అంది ఆమె. వైపర్లు కదిలాయి. రెండు మలుపులు తిరిగేసరికి ఆమె కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"ఆపు. టీ తాగుదాం."

"ఇక్కడ దాబాలు లేవు మే."

"నే పెట్టుకొస్తా" అని లేచి, గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "నేనొచ్చిందాకా బండి కదిలించబాక!"

కొండలయ్య హ్యాండుబ్రేకు వేశాడు.