మూడున్నర గళ్ళు

మా నాన్నగారికి లామినేషన్ పిచ్చి. మండపేటలో లామినేషన్ షాపు తెరిచినప్పటి నుంచీ మా ఇంట్లో ప్లాస్టిక్ తొడుగు లేని కాగితం మిగల్లేదు. మార్కుల లిస్టులు, రేషన్ కార్డు, మా బాప్తిస్మం సర్టిఫికెట్లు, రిటైరైన రోజు స్కూల్లో ఇచ్చిన సన్మాన పత్రం, అన్నీ తళతళలాడేవి. హైస్కూల్లో ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పిన మనిషి. కాగితం మడత పడితేనే ఓర్చుకోలేరు.

అలాంటి మనిషి తన ఈసీజీని వదులుతారా? తొలిసారి ఆయాసం వచ్చి రాజమండ్రిలో చూపించుకున్నప్పుడు తీసిన ఈసీజీని భద్రంగా షాపుకి పట్టుకెళ్ళారు. ఆ కాగితం మీద గీతలు సిరాతో పడవు, వేడితో పడతాయి. మిషన్ వేడికి అది కాస్తా నల్లటి అట్ట అయి బయటికొచ్చింది. ఆయన దాన్ని కూడా పారేయకుండా ఫైల్లో దాచుకున్నారు. నేను పడీ పడీ నవ్వాను.

రెండేళ్ళు గడిచేసరికి మందులు పెరిగాయి, నడక తగ్గింది. ఆదివారం చర్చికి వెళ్ళే పది నిమిషాల దారిలో రెండు చోట్ల ఆగేవారు. రైసు మిల్లు గేటు దగ్గర ఒకసారి, కాలవ వంతెన మీద ఒకసారి. ఆయన ఊపిరి కూడదీసుకునేంత సేపూ నేను పక్కన నిలబడి గింజుకునేదాన్ని. నాకు పుట్టుకతోనే ఓపిక తక్కువ. ఏదో ఒకటి వెంటనే చేసెయ్యాలి.

అప్పుడే డాక్టరు గారు మూడు తీగల పేస్‌మేకర్ గురించి చెప్పారు. గుండె కింది గదులు రెండూ ఒక్కసారే కొట్టుకోవాలట. నాన్నగారికి ఎడమవైపు ఆలస్యమవుతోంది. ఆ పరికరం రెండింటినీ కలిపి కొట్టిస్తుంది.

"అయితే పెట్టేయండి," అన్నాను.

"అందరికీ పనిచెయ్యదమ్మా. ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పడమే మాకు కష్టం," అంటూ ఆయన కొత్త ఈసీజీలో ఒక గీత చూపించారు. అది ఎంత వెడల్పుంటే అంత ఆశ. ఈసీజీ కాగితం మీది చిన్న గళ్ళలో నాలుగుంటే ధైర్యంగా పెట్టమంటారు, మూడు లోపైతే వద్దంటారు. నాన్నగారిది సరిగ్గా మూడున్నర.

"అటూ ఇటూ కాని చోట ఉన్నారండి మాస్టారు. పనిచెయ్యకపోతే ఈ వయసులో ఆపరేషను బాధే మిగులుతుంది. పాత ఈసీజీ ఉంటే తీసుకురండి. అప్పుడు సన్నగా ఉండి ఇప్పుడు వెడల్పైందంటే, పెట్టడానికే మొగ్గుతాను."

ఆ వారం నాకు కాలు నిలవలేదు. నాన్నగారి జామెట్రీ బాక్సులో డివైడర్ తీసుకుని కొత్త ఈసీజీని కొలిచిందే కొలిచాను. వంటింట్లో కొలిచాను. నేను ఫిజిక్స్ చెప్పే కాలేజీ రావులపాలెంలో, అక్కడికెళ్ళే బస్సులో కుదుపుల మధ్య కూడా కొలిచాను. క్లాసులో పిల్లలకి కొలతల్లో దొర్లే తప్పుల గురించి పాఠం చెప్పి, స్టాఫ్ రూముకి రాగానే డివైడర్ ముల్లుని నాలుగో గడి వైపు కాస్త జరిపి చూసుకునేదాన్ని. సిగ్గేసేది. అయినా జరిపేదాన్ని.

మళ్ళీ వెళ్ళినప్పుడు నాన్నగారు ఫైల్లోంచి నల్లటి అట్ట తీసి బల్ల మీద పెట్టారు. డాక్టరు గారు దాన్ని వెలుతురుకి అటూ ఇటూ వంచి చూసి నవ్వేశారు.

"దీన్లో ఏం కనపడుతుందండీ?"

"సన్నగా ఉండేదండీ," అన్నాను. మాట నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. "లామినేషన్‌కి ఇవ్వకముందు నేను కొలిచాను. మూడు గళ్ళ లోపే."

నేను కొలవలేదు. అసలు దాన్ని సరిగ్గా చూసింది కూడా లేదు.

నాన్నగారు నా మొహంలోకి చూశారు. "మీరేమంటారు మాస్టారూ?" అని డాక్టరు గారు అడిగితే, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అమ్మాయి కొలిచిందంటే కొలిచే ఉంటుందండి," అన్నారు. ఆ నెలలోనే పరికరం పెట్టారు.

ఆ తర్వాత నేను ఆయన్ని రోజూ విసిగించాను. ఎలా ఉంది నాన్నగారూ, ఆయాసం తగ్గిందా, దారిలో ఆగుతున్నారా? "బాగుందమ్మా. ఎక్కడా ఆగట్లేదు," అనేవారు. నన్ను తొందరపెట్టకుండా ఆదివారాలు తనే ముందు బయలుదేరి ఒక్కరే వెళ్ళేవారు. నేను చర్చికి చేరేసరికి బెంచీ మీద స్థిమితంగా కూర్చుని ఉండేవారు. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను.

ఒక ఆదివారం ఆయన కళ్ళజోడు మర్చిపోయి వెళ్ళిపోయారు. ఇద్దామని వెనకాలే పరిగెత్తాను. రైసు మిల్లు గేటు దగ్గర కుర్చీలో ఆయన, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు.

"ప్రతి వారం ఇక్కడ కాసేపు కూర్చుంటారండి మాస్టారు," అన్నాడు వాచ్‌మన్. "అందుకే కుర్చీ వేసుంచుతాను. వంతెన కాడ కూడా ఆగుతారు. అరగంట ముందే బయలుదేరతారు కదండీ."

ఆ మధ్యాహ్నం భోజనం సయించలేదు. ఆయన ముందు కూర్చుని చెప్పేశాను. "ఆ రోజు నేను అబద్ధం చెప్పాను నాన్నగారూ. ఆ ఈసీజీని నేనెప్పుడూ కొలవలేదు. మిమ్మల్ని ఊరికే కోయించాను." ఏడుపు ఆగలేదు.

ఆయన లేచి వెళ్ళి ఫైలు తెచ్చారు. నల్లటి అట్ట తీసి, వెనక్కి తిప్పి నా చేతిలో పెట్టారు. వెనకవైపు తెల్లగానే ఉంది. ప్లాస్టిక్ కింద పెన్సిల్‌తో, బ్లాక్‌బోర్డు మీద రాసే ఆ గుండ్రటి అక్షరాలతో, "మూడున్నర గళ్ళు" అని ఉంది. షాపుకి ఇచ్చే ముందు ఆయన కొలిచి రాసుకున్నారు. రెండేళ్ళలో ఆ గీత పెరిగింది లేదు, తగ్గింది లేదు.

"తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?"

ఆయన అట్ట తీసుకుని మళ్ళీ ఫైల్లో పెట్టారు. నేను తట్టుకోలేక మళ్ళీ అడిగాను.

"నువ్వు అలా చెప్పగానే, నేనే తప్పు కొలిచానేమో అనుకున్నానమ్మా," అన్నారు. "అలా అనుకోవాలనిపించింది."

తర్వాతి ఆదివారం ఇద్దరం అరగంట ముందే బయలుదేరాం.