అందరి పుట్టిల్లు, నా వదిన

మా వదిన పోయిందని నాకు ఎవరూ ప్రత్యేకంగా ఫోన్ చేసి చెప్పలేదు. ఇక్కడ సౌదీలో, మా బురైదా తెలుగు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే అందరితో పాటే చదివాను. తిరిగి వెళ్లిపోయిన సొంతూరు జగిత్యాలలో, నిద్రలోనే పోయిందట. నేను ఏడుపు మొదలుపెట్టేలోపే గ్రూపులో ఫొటోలు రావడం మొదలైంది. ఏ ఫొటో చూసినా వదిన చేతుల్లో ఒక పసిబిడ్డ. "మా అమ్మ పోయింది" అని ఒకావిడ పెట్టింది. బాలింతగా ఉన్న నాలుగు వారాలు చూసుకున్నందుకే అమ్మైపోతే, పక్కపక్క ఇళ్లలో ఇన్నేళ్లు బతికిన నేనేమవ్వాలి? ఇలాంటి రోజున కూడా నాకు కుళ్లే. వదిన ఉంటే పడీపడీ నవ్వేది.

ఆమెకీ నాకూ చుట్టరికం లేదు. పెళ్లై తెనాలి నుంచి వచ్చిన కొత్తలో పక్కింటాయన నన్ను "చెల్లె" అన్నాడు కాబట్టి ఆమె వదినైంది. ఆయనా మావారూ ఖర్జూరం తోటల్లో మోటార్లు చూసే కంపెనీలో పనిచేసేవాళ్లు. మిగతా ఆడవాళ్లు ఆమెని అక్కా అనేవాళ్లు, ఆ తర్వాత వచ్చినవాళ్లు ఆంటీ అన్నారు. వదిన అనే హక్కు మాత్రం నా ఒక్కదానిదే. నేను "వదినగారూ" అంటే ఒప్పుకునేది కాదు.

"గారు గీరు మీ తెనాలిల పెట్టుకో. ఆడబిడ్డవు, జర కొట్లాడు. అప్పుడే మంచిగుంటది" అనేది.

కొట్లాడటానికి కారణం కువైట్ యుద్ధంతోనే దొరికింది. అప్పట్లో కంపెనీ డాక్టరు జ్వరానికి మాత్రలిచ్చేవాడు గానీ కాన్పు ఖర్చు ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. అందుకని నెలలు నిండకముందే ఆడవాళ్లు ఊరికి విమానం ఎక్కేసేవాళ్లు. యుద్ధం వచ్చి ఆ విమానాలు ఆగిపోయాయి. మా కింది వాటాలో నెల్లూరు అమ్మాయి, పుట్టింటికి పోలేకపోయానని అన్నం మానేసి ఏడుస్తుంటే వదిన కిందికి దిగి వెళ్లింది.

"పుట్టిల్లు ఊళ్లెనే ఉండాల్నా? లే బిడ్డా, మా ఇంటికి రా" అంది.

జనం కిటికీలకి టేపులు అంటించుకుని రేడియో ముందు కూర్చుంటే, వదిన బాలింతకి వెల్లుల్లి కారం దంచుతూ కూర్చుంది. పాపాయికి నీళ్లు పోసింది, సాంబ్రాణి పొగ వేసింది. ఆ రోజుల్లో మా ఇంటి గడప తొక్కనే లేదు. సాయంత్రం టీకి నేనే వెళ్లి మూతి ముడుచుకుని కూర్చున్నాను.

"కుళ్లుకుంటున్నవా? కుళ్లుకో పిల్లా. నువ్వు కుళ్లుకుంటేనే నాకు కూర మంచిగైతది" అంది.

అక్కడితో ఆగిందా? ఆ తర్వాత ఎవరికి కడుపొచ్చినా వదిన ఇల్లే పుట్టిల్లు. నాకు మాత్రం పిల్లలు కలగలేదు. పుట్టింటి మర్యాదలు అందుకునే వరసలోకి నేను రానే లేదు.

తర్వాత కొన్నేళ్లకి చట్టం వచ్చింది. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లకీ, వాళ్ల కుటుంబాలకీ కంపెనీలు ఆరోగ్య బీమా చేయించి తీరాలి, లేకపోతే ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యువల్ కాదు. ఆ బీమాలో కాన్పు కూడా ఉంది. ఇంకేం, అందరూ ఇక్కడే కనడం మొదలుపెట్టారు. చట్టం మంచిదే, కాదనను. ఎంతోమంది మొగుళ్లు బిడ్డ పుట్టిన రోజునే బిడ్డని చూసుకున్నారు. నా వదినని మాత్రం నాకు పూర్తిగా లేకుండా చేసింది.

నాకూ ఆశ పుట్టింది. వైద్యం చేయిస్తే నాకు పిల్లలు పుట్టొచ్చని డాక్టరమ్మ ఎప్పటినుంచో అంటోంది. చేతి డబ్బుతో అది మావల్ల అయ్యేది కాదు. వదినని తోడు తీసుకుని ఆస్పత్రిలో ఇన్సూరెన్సు కౌంటరుకి వెళ్లాను. అక్కడ కూర్చున్న పాకిస్తానీ ఆయన మర్యాదగానే మాట్లాడాడు.

"బాజీ, డెలివరీ హై. ఔలాద్ కా ఇలాజ్ నహీ హై."

కాన్పుకి ఇస్తారు, పిల్లలు పుట్టే వైద్యానికి ఇవ్వరు. నేను వెనక్కి తిరిగాను. వదిన తిరగలేదు.

"కడుపుతోని ఉన్నోళ్లకే పెడ్తరా? కడుపు పండాలని ఏడ్సెటోళ్లకు పెట్టరా? గిదేం కానూను?" అని అచ్చ తెలుగులో గట్టిగా అడిగింది. అర్థమైందో లేదో, ఆయన తల దించుకున్నాడు.

కారులో దారంతా నా చెయ్యి వదల్లేదు. ఇల్లు చేరేసరికి గుమ్మంలో ఒక నిండు చూలాలు నిలబడి ఉంది. నడుం నొప్పట. వదిన నా చెయ్యి వదిలేసి ఆ పిల్ల నడుం పట్టుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. కడుపూ ఆ పిల్లదే, బీమా ఆ పిల్లదే, చివరికి వదిన కూడా ఆ పిల్లదే.

ఇంకొన్నేళ్లకి నాకు రక్తస్రావం ఆగకుండా అయింది. గర్భసంచి తీసెయ్యాలన్నారు. పొద్దున కాగితాలు పంపితే మధ్యాహ్నానికల్లా ఇన్సూరెన్సు అప్రూవల్ వచ్చేసింది. బిడ్డ పుట్టడానికి పైసా ఇవ్వనివాళ్లు, ఇక పుట్టకుండా చెయ్యడానికి ఒక్క ప్రశ్న అడగలేదు. అది విని వదిన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

ఆపరేషన్ అయిన మర్నాడు వదిన నా మంచం పక్కన కూర్చుని జావ తాగిస్తోంది. ఆమె ఫోన్ మోగింది. మా వీధిలో ఒకమ్మాయికి నొప్పులు మొదలయ్యాయట. "వెళ్లు వదినా" అన్నాను. వెళ్తే మళ్లీ ముఖం చూడకూడదని మనసులో అనుకున్నాను.

"ఇయ్యాల నేను రాను బిడ్డా. ఇంకొకామెను పంపిస్త. మా ఆడబిడ్డ కాడున్న" అని ఫోన్‌లో చెప్పింది.

నా చెవులని నేనే నమ్మలేదు. "పాపం, ఆ పిల్ల నొప్పులు పడుతోంది కదా" అన్నాను.

"ఆమె నొప్పులు పడ్డంక చేతికి బిడ్డొస్తది. నీ చేతికేమొస్తది పిల్లా? నీకు నేనే ఉండాలె."

ఫోన్ మళ్లీ మోగింది. వదిన దాన్ని తొడ కింద పెట్టుకుని, బరువంతా వేసి కూర్చుంది. కింద అది మోగుతూనే ఉంది. ఆమె జావ చెంచా నా నోటి దగ్గర పట్టుకుని, "నోరు తెరు" అంది.