కళ్ళు మూసుకుని కోసిన మిరపకాయలు

మా చర్చి సంఘం మొత్తం ముందు నా పరువు పోయిన వైనం చెబుతాను. నవ్వుకోండి, మా అమ్మ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

వినుకొండ పక్క మా ఊళ్ళోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నాకు పందొమ్మిదేళ్ళు. గుంటూరులో పది రోజులు ఆధునిక నృత్యం క్లాసులకి వెళ్ళొచ్చాను. అక్కడి మాస్టారు స్టెప్పులు నేర్పలేదు. కళ్ళు మూసుకుని ఒంటిని దాని మానాన వదిలేస్తే, ఎవరూ వెయ్యని కదలిక దానంతటదే వస్తుందన్నారు. నేను అక్షరాలా నమ్మాను. విశ్వాసంలో నాకెప్పుడూ లోటు లేదు.

ఆ పది రోజులూ ఊళ్ళో మిరప కోతలు. నేను కొయ్యాల్సిన సాలు కూడా అమ్మే కోసింది. అది నాకు గుచ్చుకుంది. చర్చి వార్షికోత్సవంలో ఆడి, ఆ రోజులు వృథా కాలేదని ఆమెకు చూపించాలనుకున్నాను. నాట్యమనగానే మా పాస్టరు అయ్యగారు మొహం చిట్లించారు.

"బైబిల్లో దేవుని మందసం ముందు రాజే నాట్యమాడాడు కదండీ" అన్నాను.

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "ఆయన రాజు. నీకు ఐదు నిమిషాలు. తేడా వస్తే మళ్ళీ అడగమాక."

రిహార్సల్ చేస్తే కొత్తదనం పోదూ? అందుకని మూడు పూటలు ఉపవాసముండి, లోకంలో ఎవరూ చెయ్యని కదలిక ఇమ్మని ప్రార్థించాను.

వార్షికోత్సవం సాయంత్రం వేదికెక్కి కళ్ళు మూసుకున్నాను. కీబోర్డు మొదలైంది. కాసేపు గాలిదుమారంలో తీగ మీది లుంగీలా ఊగాను. అప్పుడు నిజంగానే వచ్చింది. నడుం వంగింది. చేతులు రెండూ చకచకా ముందుకెళ్ళి, దేన్నో అందుకుని, పొట్ట దగ్గరికొచ్చి, మళ్ళీ వెళ్ళాయి. ప్రార్థన ఫలించిందని ఒళ్ళు పులకరించింది. స్తోత్రం చెప్పుకుంటూ వేగం పెంచాను.

ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ గొంతు ఖంగుమంది.

"ఒరేయ్, అట్లా లాగమాక, కొమ్మ విరుగుద్ది. తొడిమ పట్టుకుని పైకి తిప్పు."

చర్చంతా గొల్లున నవ్వింది. కళ్ళు తెరిస్తే, అయ్యగారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. ఏం చెయ్యను? తొడిమ పట్టుకుని పైకి తిప్పాను.

"ఆఁ, అదీ" అంది అమ్మ. కళ్ళు తుడుచుకుంటోంది. నవ్వుకో, మరి దేనికో.

దిగుతుంటే అయ్యగారు నా భుజం తట్టారు. "వచ్చే ఏడు పత్తి తియ్యరా."

ఇంటికి నడుస్తూ అమ్మ నా చెయ్యి పట్టుకుని చూసింది. "పది రోజులు పక్క సాల్లో నువ్వు లేకపోతే తోచలేదురా. అచ్చం నా చెయ్యే వచ్చింది నీకు."

ఒట్టు పెట్టుకోకూడదని బైబిలు వాక్యం. కాబట్టి మోకరించి తీర్మానం చేసుకున్నాను: ఏ ఏడైనా అమ్మ పక్కన ఆ ఏటి కోతలు పూర్తి చెయ్యనిదే వేదిక ఎక్కను. ఎక్కినా, ప్రార్థనకు తప్ప కళ్ళు మూయను.