అనౌన్సరుగారి అడాప్టరు

ఆయన రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా పనిచేశాడు. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎంత ఆలస్యంగా వస్తుందో చెప్పడం ఆయన పని. ఊళ్ళో చాలామందికి ఆయన మొహం తెలియదు, గొంతు తెలుసు. కూరగాయల దుకాణంలో ఆయన అరకిలో అడిగితే పక్కనున్నవాళ్ళు తల తిప్పి చూసేవారు.

గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. గడ్డతోపాటు గొంతూ పోయింది.

ఇప్పుడాయన లాప్‌టాప్‌లో టైపు చేస్తాడు. అది చదివి వినిపిస్తుంది. అందులో ఉన్న గొంతు ఒక్కటే, ఆడగొంతు.

రోజూ సాయంత్రం అక్కకి ఫోను చేస్తాడు. అక్క వేరే ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. పెద్దతనంలో చూపు పోయింది. రాసి పంపితే చదవలేదు. మొదటిసారి ఆ ఆడగొంతు వినగానే రాంగ్ నంబరని పెట్టేసింది. రెండోసారి కాసేపు విని, "ఏరా, పెళ్ళీడు పిల్లవయ్యావే" అంది. తర్వాత అలవాటైంది. గొంతు ఎవరిదైతేనేం, మాట ఎక్కడ ఆపాలో వాడికే తెలుసు అనేది.

ఆయన భార్యతో మాత్రం అక్క మాట్లాడదు. గొంతు ఆపరేషన్ అప్పుడు తొందరపడొద్దని, ఇంకో డాక్టరుకి చూపిద్దామని అక్క అంది. అయినా ఆపరేషన్ జరిగింది. చెయ్యండని డాక్టర్లకి చెప్పింది భార్య. మా తమ్ముడి గొంతు కోయించింది అని అక్క నలుగురితో అంది. ఆ మాట తిరిగి తిరిగి ఈ ఇంటికి చేరింది. భార్య విని ఊరుకుంది.

ఆమె బట్టలు కుడుతుంది. ముందుగదిలో మిషను. మిగిలిన గుడ్డముక్కలతో ఇంట్లో ప్రతిదానికీ తొడుగు వేస్తుంది. రిమోటుకి ఉంది, మిక్సీకి ఉంది. దుమ్ము పడుతుందని లాప్‌టాప్ అడాప్టరుకి కూడా దూది పెట్టి ఒక చిన్న బొంత కుట్టింది.

ఆయన అలవాటు వేరు. మైకు ముందు కూర్చున్న రోజుల్లో వైరుని వేలికి చుట్టుకుంటూ మాట వెతుక్కునేవాడు. ఇప్పుడు ఛార్జరు వైరు చుట్టుకుంటాడు, సరిగ్గా పిన్ను మెడ దగ్గర.

ముందు ఛార్జింగ్ నెమ్మదిగా ఎక్కడం మొదలైంది. తర్వాత వైరుని ఒక వంపులో పట్టుకుంటేనే ఎక్కేది. ఆయన ఎడమచేత్తో వైరు పట్టుకుని కుడిచేత్తో టైపు చేసేవాడు. మాటలు పొదుపు చేశాడు. ఎలా ఉన్నావు అని కాకుండా, బాగా? అని అడిగేవాడు.

"ఏమిట్రా, టెలిగ్రాము ఇస్తున్నావు" అంది అక్క.

ఆ వారంలోనే అక్కకి కడుపులో గడ్డ ఉందని తేలింది. తీసెయ్యాలన్నారు. మర్నాడు సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు.

"ఆపరేషన్‌కి వెళ్ళమంటావా, వద్దంటావా? నువ్వు చెప్పు. నీకు జరిగింది కాబట్టి నిన్నే అడుగుతున్నాను" అంది అక్క ఫోనులో.

ఆయన టైపు చేయబోయాడు. తెర నల్లబడింది.

వైరు వంచాడు, ఎత్తాడు, ఊదాడు. వెలగలేదు. ఫోనులో అక్క "ఏరా, ఉన్నావా?" అంటోంది. ఆయన ఒక కాగితం మీద రాసి భార్యకిచ్చాడు. ఆమె ఫోను దగ్గరికి జరిగి చదివింది.

"వెళ్ళమంటున్నారు వదినా. లాప్‌టాప్ ఆగిపోయింది. కాగితం మీద రాసిచ్చారు."



"అది వాడి మాటో నీ మాటో నాకెలా తెలుస్తుంది?" అని అక్క పెట్టేసింది.

పొద్దున్నే పై వాటా ఆయన తన ప్రింటరు అడాప్టరు తెచ్చాడు. "పిన్ను పట్టిందంటే పని చేసినట్టే. పెట్టెయ్యండి" అన్నాడు.

పిన్ను పట్టింది. భార్య స్విచ్చి మీద చెయ్యి వేసింది. భర్త ఆ చెయ్యి పట్టుకున్నాడు. అడాప్టరు వెనక చిన్న అక్షరాలు చదివి, పాతదాని పక్కన పెట్టి చూపించాడు. పాతదాని మీద పంతొమ్మిది వోల్టులు. దీనిమీద ఇరవై నాలుగు.

"అయిదేగా తేడా" అన్నాడు పై వాటా ఆయన.

భర్త తల అడ్డంగా ఊపి, అడాప్టరు తిరిగి ఇచ్చేశాడు.

ఇద్దరూ రిపేరు షాపుకి వెళ్ళారు. మెట్ల కింద ఇరుకు గది. మెకానిక్ లాప్‌టాప్ చూడగానే బ్యాటరీ పోయిందన్నాడు. తర్వాత షాపులో ఉన్న అడాప్టరు పెట్టాడు. తెర వెలిగింది. పక్కన ఛార్జింగ్ గుర్తు వచ్చింది.

"లేదండీ, నేను తొందరపడ్డాను. బ్యాటరీ బాగుంది, లాప్‌టాప్ పిన్ను కూడా గట్టిగానే ఉంది. మీ అడాప్టరు ఇవ్వండి."

గోడ ప్లగ్గుకి పెడితే అడాప్టరు మీది దీపం వెలిగింది. లాప్‌టాప్‌కి తగిలించగానే ఆరిపోయింది. మీటరు పెట్టి వైరు కదిపాడు. అంకె లేచింది, పడింది. ఆ తర్వాత అడాప్టరుని చేతిలో తిప్పి చూశాడు.

"ఇదేమిటి, స్వెట్టరు వేశారు?"

"దుమ్ము పడుతుందని" అంది ఆమె.

"దీనికి చలి వెయ్యదమ్మా. వేడి బయటికి పోవాలి. లోపల ఉడికిపోయింది, ప్లాస్టిక్ కూడా ఉబ్బింది."

ఆమె భర్త వైపు చూడలేదు. మెకానిక్ వైరు మెడని వంచాడు. లోపల రాగి తీగలు తెగి కనిపించాయి.

"దీన్ని ఎవరు మెలిపెట్టారు?"

ఈసారి ఆమె భర్త వైపు చూసింది. ఆయన వేలు జేబులో పెట్టుకున్నాడు.

"అయితే ఇద్దరూ కలిసి చంపారన్నమాట" అన్నాడు మెకానిక్.

కొత్తది చూపించమని ఆమె అడిగింది. అతను పెట్టెలోంచి ఒకటి తీసి, చేతిలో తూచినట్టు పట్టుకుని, మళ్ళీ లోపల పెట్టేశాడు.

"ఇది వద్దు. మరీ తేలిక. ఏ కంపెనీదో లేదు, పరీక్ష చేసిన ముద్రా లేదు. వోల్టు అచ్చం పాతదాని అంతే ఉండాలి. ఆంపియర్ అంతైనా ఉండాలి. ఎక్కువున్నా నష్టం లేదు, లాప్‌టాప్ తనకి కావలసినంతే తీసుకుంటుంది. తక్కువైతే అడాప్టరు కాగిపోతుంది. పిన్నులో ప్లస్సు ఎటు, మైనస్సు ఎటు అన్నదీ కలవాలి. మీదానికి సరిపోయేది కంపెనీనుంచి తెప్పిస్తాను. రేపు వస్తుంది."

"ఇవాళే కావాలి" అంది ఆమె. ఆ సాయంత్రంలోగా అక్క ఆస్పత్రికి ఏదో ఒకటి చెప్పాలన్న సంగతి అతనికి చెప్పింది.

"ఇందాక పెట్టింది మీదానికి సరిపోతుంది కానీ అది షాపుది. పొద్దస్తమానం దీనితోనే పని, బయటికి ఇవ్వలేను" అని, మెకానిక్ బల్ల మీది స్క్రూలు పక్కకి తోశాడు. "ఇక్కడే కూర్చుని మాట్లాడుకోండి."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె ఫోను కలిపి స్పీకరు నొక్కి లాప్‌టాప్ పక్కన పెట్టింది. వెనక ఇద్దరు గిరాకీలు నిలబడి ఉన్నారు.

"అక్కా, నేనే" అంది ఆడగొంతు.

"ఏమిట్రా ఆ గోల?"

"రిపేరు షాపు. నిన్న చదివింది నా మాటే. వెళ్ళు."

"గొంతు పోయాక నీకు ఎప్పుడూ అనిపించలేదా, వద్దనుంటే బాగుండేదని?"

ఆయన వేలు వైరు వైపు వెళ్ళి ఆగింది. తర్వాత చాలాసేపు టైపు చేశాడు. యంత్రం ఒక్కసారిగా చదివింది. గిరాకీలు కూడా విన్నారు.

"అనిపించింది. రైలు కూత విన్నప్పుడల్లా అనిపిస్తుంది. కానీ కూత వినడానికి ఉన్నాను. చెయ్యమన్నది నేనే అక్కా. ఆమె కాదు. ఆమె భయపడింది, నీ మాటే విందామంది. నేనే చెప్పించాను. నీకు చెప్పే ధైర్యం లేక ఆమె మీద ఉంచేశాను."

మెకానిక్ తల వంచుకుని స్క్రూలు ఏరుతున్నాడు.

"ఫోను దానికివ్వు" అంది అక్క.

ఆమె స్పీకరు తీసేసి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అక్క మాటలు ఇక వినిపించలేదు. ఆమె మాటలే వినిపించాయి.

"నిజమే వదినా... ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను. మీరు నన్ను తిడుతున్నంతసేపు ఆయన్ని తిట్టడం లేదు కదా... సరే, చెప్పండి వాళ్ళకి, వస్తున్నామని... నేనే వస్తాను. పక్కనే కూర్చుంటాను... మాట్లాడకుండా ఎలా కూర్చుంటాను వదినా, మీకు చూపు లేదాయె, నేనున్నట్టు ఎలా తెలుస్తుంది?"

ఆయన ఏదో టైపు చేసి మీట నొక్కబోయాడు. ఆమె రెండో చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరాగండి. వదినతో మాట్లాడుతున్నాను."