నెల్లూరు నుంచి గలగలమంటూ వచ్చిన మందుల డబ్బా

నెలకోసారి హెచ్ఐవీ మందుల కోసం ముత్తుకూరు నుంచి నెల్లూరు పోతాను. ఈసారి యాభై దాటినవాళ్లకు బీపీ, షుగర్, కళ్లు కూడా చూస్తామన్నారు. అందుకే పొద్దున్నే మొదటి బస్సెక్కాను. ఎండ ముదరకముందే చేరితే వరసలో నిలబడే బాధ తగ్గుతుంది. చిల్లర దగ్గర పెట్టుకోండి, కండక్టర్లకు ఓపిక తక్కువ.

ఆసుపత్రిలో మస్తాన్ కనిపించాడు. బుచ్చిరెడ్డిపాలెంలో బట్టలు కుడతాడు. నా వయసే, నా జబ్బే. కానీ వాడు ఒంటరిగా రాడు, పక్కన భార్య హసీనా ఉంటుంది. ఆడవాళ్లకు బస్సు టికెట్ లేదు, ఆ ఖర్చూ లేదు వాడికి. ఏ మాత్ర ఎప్పుడో ఆమె చెబుతుంటే వాడు రాజులా కూర్చుంటాడు. నాకు ఒళ్లు మండుతుంది. వాడికంటే నేను గట్టివాణ్ణి, ఇప్పటికీ వల లాగుతాను. అయినా నా పక్కన ఎవరూ లేరు. భార్య పోయింది. తమ్ముడింట్లో ఉంటున్నాను, వాళ్లకు ఈ సంగతి తెలియదు.

మిగిలిన మాత్రలు చూపించమంది కౌన్సిలరమ్మ. గుడ్డమూట విప్పాను. డబ్బా మీద మందు పేరుంటుంది, కదిపితే గలగలమంటుంది. అందుకని మాత్రలు గుడ్డలో కట్టుకుని డబ్బాను బస్టాండులోనే పారేస్తాను. మాలో చాలామంది చేసేదే. సముద్రపు గాలికి మాత్రలు మెత్తబడ్డాయి.

హసీనా తొంగి చూసింది. "ఏందన్నా ఇది? వేటకు పొయ్యేటప్పుడు అగ్గిపెట్టె తడవకుండా డబ్బాలో పెడతావే, పానం నిలిపే మందును గుడ్డలో కడతావా?"

"నువ్వేడ పెడతావమ్మా?"

"టీపొడి పక్కన. ఎవరన్నా అడిగితే మా ఆయన మందులంటా."

"టీ మరిచినా మందు మరవదన్నా," అని నవ్వాడు మస్తాన్. వాడి మందుకు టీపొడి పక్కన చోటు. నా మందుకు వలల పాకలో మూల.

కౌన్సిలరమ్మ నా కళ్ల పరీక్ష చీటీ చూసి కొత్త డబ్బా ఇచ్చింది. "పెద్దాయనా, కంటికి ఆపరేషన్ కావాలి. తర్వాత చూసుకోను ఇంటి మనిషి ఉండాల. వచ్చే నెల ఒకరిని తీసకరా."

మధ్యాహ్నం బస్టాండులో చెత్తకుండీ ముందు నిలబడ్డాను. టీపొడి మాటే చెవిలో ఉంది. డబ్బా పారేయడానికి చెయ్యి రాలేదు. సంచిలో వేసుకుని బస్సెక్కాను. గుంత వచ్చినప్పుడల్లా గలగల.

ఇంటికొచ్చేసరికి మరదలు వాకిట్లో చేపలు తోముతోంది.

"సంచిలో ఏంది బావా ఆ చప్పుడు?"

"నా మందులు. హెచ్ఐవీకి."

ఆమె చెయ్యి ఆగింది. నేను తల దించలేదు.

"ఇన్నాళ్లూ ఏడ పెట్టినావు?"

"వలల పాకలో."

"ఆడ ఎలకలు గదా!" అని చేతులు కడుక్కుని డబ్బా అందుకుంది. వంటింట్లో పసుపు డబ్బా పక్కన పెట్టింది. కంటి ఆపరేషన్‌కు తోడు రమ్మని అడిగితే, "వస్తాలే బావా," అంది.

మస్తాన్ మీద అసూయ ఇంకా పోలేదు. వాడికి వరమల్లే దొరికిన తోడును నేను నోరు తెరిచి అడగాల్సి వచ్చింది. కానీ వచ్చే నెల నా పక్కనా ఒక మనిషి కూర్చుంటుంది. వాడు చూడాలి.

మీరూ మందులకు పోయేటట్టయితే ఒక్క మాట. మాత్రలు వాటి డబ్బాలోనే ఉంచి మూత గట్టిగా బిగించండి. గలగలమంటే అననివ్వండి.