నూకాలు రవిక

పద్మావతిగారు కుట్టిచ్చిన రవికను నూకాలు సారాకొట్లో ఇచ్చి తాగేసిందనీ, నిలదీస్తే గేటు దగ్గర పైట పీకేసి బరిబాతల నిలబడిందనీ, పోలీసులొచ్చి జీపెక్కించుకుపోయారనీ రేవు క్వార్టర్లలో చెప్పుకుంటారు. చెప్పేవాళ్లలో ఆనాడు గేటు దగ్గర ఉన్నవాళ్లు ఒక్కరూ లేరు. జీపు రాలేదు. వచ్చింది ఒక సైకిలు, దాని మీద గవర్రాజనే కానిస్టేబులు. పైటా జారలేదు. ఇక రవిక సంగతంటారా, అది ఇచ్చిన పద్మావతికే ఆఖరున తెలిసింది.

నూకాలుది జాలరిపేట. ఎండ ముదరకముందే నెత్తిన చేపల గంపతో నడిచి వచ్చేది. అరవై దాటిన మనిషి, ఎండుచేపలా గట్టిగా ఉండేది. ముతకచీర మోకాళ్ల కిందికి కట్టి, కొంగు గుండెల మీదుగా బిగించి నడుంలో దోపేది. రవిక మాత్రం పుట్టి బుద్ధెరిగి తొడగలేదు. భుజాల నుంచి మణికట్ల దాకా, మెడ కింద కూడా పచ్చబొట్లే. చుక్కలు, తేళ్లు, ఒక పడవ. ఆ పేటలో ఆ తరం ఆడవాళ్లంతా అంతే. అది లేమీ కాదు, సిగ్గుమాలినతనమూ కాదు. "నీ నగలేవే?" అని ఎవరైనా ఎకసెక్కమాడితే రెండు చేతులూ చాపి చూపించేది.

"ఇయ్యే. దొంగోడెత్తుకెల్లనేడు. సచ్చినా నాతోనే వొత్తాయి."

పద్మావతి గోదావరి వైపు నుంచి వచ్చిన పిల్ల. ఆమె భర్త శ్రీరామ్మూర్తి రేవులో గుమాస్తా, క్వార్టర్ల సంఘానికి కార్యదర్శి. మొదటిసారి నూకాలు వంగి గంప దించుతుంటే పద్మావతి చూపు తిప్పేసుకుంది. తర్వాత జాలిపడింది. వాళ్ల ఊళ్లో రవిక లేదంటే కొనుక్కోలేకే. ఇక్కడా అంతేననుకుంది. ఉన్న బట్టల్లోంచి వక్క రంగు గుడ్డ తీసి, మిషను ముందేసుకుని, కొలతలిమ్మంది.

"నాకెందుకమ్మగోరూ ఈ సోకులు? రవికేత్తే సెయ్యెత్తి గంప దించుకోనేను. ఉక్కపోతకి సత్తాను."

నూకాలుకు మిగిలిన బిడ్డ దేముడమ్మ ఒక్కతే. ఆ రోజు తల్లి వెంట వచ్చింది. కడుపుతో ఉంది. మెడ దాకా రవిక, పైటకు పిన్నీసు. చిన్నప్పుడు పచ్చబొట్లు పొడిచే మనిషి పేటకొస్తే, బళ్లో పిల్లలు నవ్వుతారని పడవ చాటున దాక్కున్న పిల్ల అది. దాని ఒంటి మీద ఒక్క చుక్క లేదు.

"అమ్మా, పైట సద్దుకోయే. ఆ సైకిలాయన సూత్తన్నాడు."

"సూత్తే ఏటే? ఆడూ తల్లి పాలు తాగినోడే కదా."

దేముడమ్మ నవ్వాపుకుంటూ పద్మావతి ముందు చేతులు చాపి నిలబడింది. "దానికి బదులు నన్ను కొలవండమ్మా. ఇద్దరిదీ ఒకటే ఒడ్డూ పొడుగూ. కాకపోతే ఇప్పుడు నాను కొంచెం లావయినాను."

అలా కూతురి కొలతకు తల్లి రవిక తయారైంది. నూకాలు కాదనలేక కళ్లకద్దుకుని, మడిచి బొడ్లో దోపుకుంది.

ఆపైన కొన్నాళ్లు ఆమె రాలేదు. అప్పుడే ఉక్కు ఫ్యాక్టరీ పనులు ఊపందుకుంటున్నాయి. ఎక్కడెక్కడి ఆఫీసర్లో కుటుంబాలతో క్వార్టర్లకు దిగుతున్నారు. "ఏం మనుషులండీ, ఒంటి మీద బట్టయినా లేకుండా?" అని ఒకావిడ అన్నదట. ఆ మాట శ్రీరామ్మూర్తి మనసులో ముల్లయింది. నూకాలు మళ్లీ గంపతో, ఎప్పటిలాగే రవిక లేకుండా కనిపించేసరికి ఆ ముల్లు కెలికింది. గేటు దగ్గరే ఆపించి, కానిస్టేబుల్ని పిలిపించాడు. కేసు పెట్టాలన్నాడు.

గవర్రాజు సైకిలుకు స్టాండేసి, టోపీ సర్దుకుని, నూకాల్ని ఎగాదిగా చూశాడు.

"దేనికండి కేసు? కావాలని ఒళ్లు సూపించి అల్లరి సేత్తే కేసు. ఈవిడ పైట సూడండి, నా బెల్టు కన్నా బిగించి కట్టింది. మా నానమ్మ సచ్చేదాకా రవికెరగదండి. ఆవిడ మీద కూడా కేసెట్టమంటారేటి?"

చుట్టూ నలుగురూ నవ్వారు. శ్రీరామ్మూర్తికి తల కొట్టేసినట్టయింది. చట్టం చెయ్యలేని పని సంఘం చేసింది. ఒంటి నిండా బట్ట లేనివారికి లోపలికి ప్రవేశం లేదని మర్నాటికల్లా గేటుకు బోర్డు వేలాడింది.

గేటు కాసే గురువులనేవాడు ఆమెకు వరసకు తమ్ముడు. మొహం చూపించలేకపోయాడు. "నన్నేటి సెయ్యమంతావే అప్పా? ఉజ్జోగం."

"నువ్వేటి సేత్తావురా. కూకో."

ఆమె గేటు బయట కల్వర్టు మీద గంప దించుకుంది. కావలసినవాళ్లు బయటికొచ్చి కొనొచ్చు. వచ్చేది ఎంతమంది? వాకిట్లో చేప తీసుకుని ఆ మాటా ఈ మాటా మాట్లాడటం వేరు, రోడ్డు మీద బేరమాడటం వేరు. ఎండకు చేప మెత్తబడేది. ఆ గంపే ఆమెకు కూడు. తడిగుడ్డ కప్పి, కప్పి, చివరికి సగం గంపతోనే లేచి పోయేది. ఇలా ఎన్నాళ్లో సాగదని చూసేవాళ్లకే తెలిసిపోతోంది. ఉన్న రవిక తొడుక్కుని లోపలికొస్తే పోయేదానికి ఈ పంతమేమిటని కొందరు, పంతం కాదు, అది సారాకొట్లో ఉందని కొందరు. క్వార్టర్లలో అందరూ ఒకరినొకరు అడిగారు. నూకాల్ని అడిగిన పాపాన పోలేదు.

సారా మాట పద్మావతి చెవినా పడింది. రాత్రులు కూర్చుని కుట్టిందేమో, ఊరుకోలేకపోయింది. ఒకనాడు గొడుగేసుకుని గేటు దాటి కల్వర్టు దగ్గరకెళ్లింది. నూకాలు గంప మీద ఈగల్ని తోలుకుంటోంది. మనిషి సగమయింది.

"నేనిచ్చిన రవిక ఏం చేశావు నూకాలూ? నలుగురూ నాలుగు రకాలుగా చెబుతున్నారు. నువ్వు చెప్పు."

నూకాలు తలెత్తింది. గొడుగు నీడలోకి కొంచెం జరిగింది.

"దేముడమ్మ కాన్పులో పోనాదమ్మా. బిడ్డా దక్కనేదు. సావింటి సేప ఎవులు కొంతారని సెప్పనేదు. ఆసుపత్రోళ్లు దాని ఒంటిమీద రవిక కోసేసి, దుప్పట్లో సుట్టి ఇచ్చినారు. ఆకరి నీళ్లు పోసినప్పుడు సుట్టూ జనం. సిగ్గుబిడ్డ కదమ్మా అది. నాకు పచ్చబొట్లున్నాయి, నాతో వొత్తాయి. దాని ఒంటి మీద ఏటున్నాదని అంపను? మీ రవికే తొడిగినాను. అతికినట్టు సరిపోనాది."